ఊపిరికి మొక్కిన బోనం

అశ్రిత ముక్కు బాగా కుదిరింది. ఈ మాట ముందే చెప్పేయాలి, లేకపోతే ఆపరేషన్ చెడిపోయిందని ఎవరైనా అనుకుంటారు. ఎదురుగా చూసినా, పక్కనుంచి చూసినా వంక పెట్టడానికి లేదు. క్లినిక్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసి, "మేడం, రిజల్ట్‌తో హ్యాపీనా? పదికి ఎన్ని మార్కులిస్తారు?" అని అడిగితే, అశ్రిత అద్దంలో చూసుకుంటూ పది అంది. మనస్ఫూర్తిగానే అంది. అప్పటికే ఆమె నోటితో తప్ప ఊపిరి పీల్చలేకపోతోంది. ఆ సంగతి ఆ అమ్మాయి అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఆపరేషన్‌కు ముందు ఆమె ఊపిరికి ఏ లోటూ లేదు. లోటంతా ముక్కు పొడవులో ఉందని జనమే తేల్చారు. ఆమె నాయిన భాస్కర్‌ది తూంకుంటలో ప్లాట్ల వ్యాపారం. ముందు సొంత పొలం అమ్మాడు, తర్వాత పక్కవాళ్ల పొలాలు కొన్నాడు, ఆ తర్వాత అందరిలాగే వార్డు రాజకీయాల్లోకి దిగాడు. డిగ్రీ అయిపోయిన కూతురు ఆ ప్లాట్ల మధ్య నిలబడి వీడియోలు చేసేది. "ఇదిగో నలభై ఫీట్ల రోడ్డు, ఇదిగో కరెంటు, కరీంనగర్ రోడ్డు కూతవేటు దూరం" అని చెప్పేది. వీడియో కింద ధర అడిగేవాళ్లు తక్కువ. "ప్లాటు కన్నా ముక్కే ఎక్కువ గజాలుంది" అని ఎవడో పనిలేనివాడు రాశాడు. దాని కింద నవ్వులే నవ్వులు. రాసినవాడు ఆ పూటే మర్చిపోయి ఉంటాడు. అశ్రిత మాత్రం ఆ తర్వాత ఏ ఫోటోలోనూ తల పక్కకు తిప్పలేదు.

కూతురు గదిలో కూర్చుని ఏడుస్తుంటే తల్లి రాధమ్మ ముక్కు చిన్నది చేయించే ఆపరేషన్‌కు ఒప్పుకుంది. కానీ భాస్కర్‌కు ఇలాంటి ఆపరేషన్లంటే ఒళ్లుమంట. "దేవుడిచ్చిన మొఖానికి రందా కొట్టిచ్చుకుంటరా? మనమేమన్న దర్వాజలమా?" అనేవాడు. అరిస్తే నాలుగిళ్లకు వినపడే గొంతు అతనిది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. రాధమ్మ ఆడిన అబద్ధం మరీ గట్టిగా అతికింది.

"పిల్లకు ముక్కుల బొక్క వంకరున్నదంట. గాలాడ్తలేదు. గిట్లనే ఇడిసిపెడితే గుండెకు తిప్పలైతదని డాక్టర్ జెప్పిండు" అంది.

భాస్కర్ వెంటనే, "మరి జల్దీ చేపియ్యి, ఏం జూస్తున్నవ్?" అన్నాడు.

అతని తల్లి సిద్దమ్మ అక్కడే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమె పని ఆపి, రెండు చేతులూ ఎత్తి, "పోచమ్మ తల్లీ, నా మనుమరాలికి ఊపిరి మంచిగైతే దాని నెత్తినే మనింటి బోనం ఎత్తిస్త" అని మొక్కేసింది.

వాళ్లింటి బోనానికి ఒక ఆచారం ఉంది. ఆషాఢంలో కుండలో పరమాన్నం వండి, కుండకు పసుపు బొట్లు పెట్టి, పైన దీపం వెలిగించి, నెత్తిన పెట్టుకుని గుడికి పోవడం అందరూ చేసేదే. వాళ్లింట్లో మాత్రం బోనమెత్తిన మనిషి గుడి చేరేదాకా నోరు తెరవకూడదు. నోటి ఊపిరి తగిలితే అమ్మ కూడు ఎంగిలవుతుందని నమ్మకం. వెనకట పసుపుగుడ్డతో నోరు కట్టేవాళ్లు. ఈమధ్య పెదాల మధ్య ఓ వేపరెమ్మ పెట్టి సరిపెడుతున్నారు. అవ్వ మొక్కు విని తల్లీకూతుళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకున్నారు. లేని జబ్బుకు మొక్కిన మొక్కు, తీర్చడం ఎంత పని అనుకున్నారు.

కట్లు విప్పాక భాస్కర్ కూతురి ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బొక్క సాఫ్ జేస్తే ముక్కు గూడ సక్కగైతదంట" అని రాధమ్మ తొందరగా అందుకుంది. అతను నమ్మాడు. నమ్మడమే కాదు, రోజూ పొద్దున చాయ్ తాగుతూ అడిగేవాడు. "గాలి మంచిగాడ్తాందా బిడ్డా?"

"మస్తుగాడ్తాంది నాయినా."

మొదట్లో వాపు వల్ల అనుకుంది. క్లినిక్ డాక్టర్ కూడా అదే అన్నాడు, పాత ఫోటో కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి చూపించి మురిసిపోయాడు. వాపు తగ్గింది. ఊపిరి మాత్రం తిరిగి రాలేదు. గాలి లాగిన ప్రతిసారీ ముక్కు రెండు పక్కలూ తడి కాగితాల్లా లోపలికి అతుక్కునేవి. గట్టిగా లాగితే ఇంకా గట్టిగా మూసుకునేవి. పడుకుంటే మరీ కష్టం. నోరు తెరిచి పడుకుని, నిద్రలో నోరు మూతపడగానే ఉలిక్కిపడి లేచేది. ఎవరో ముఖం మీద దిండు పెట్టి నొక్కినట్టుండేది. నిద్ర అంటేనే భయం పట్టుకుంది. తలగడలు ఎత్తుగా పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. వీడియోల్లో మాట మాటకూ మధ్య వినపడే ఎగశ్వాసను ఫోన్‌లో తనే కత్తిరించేది. చూసేవాళ్లకు ఆమె గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతున్నట్టుండేది. వీడియోలు బ్రహ్మాండంగా పోతున్నాయని భాస్కర్ ఊరంతా చెప్పుకున్నాడు.

ఒకరోజు ఇంట్లో చెప్పకుండా మేడ్చల్ వెళ్లి జనార్ధన్ అనే చెవి ముక్కు గొంతు డాక్టర్‌కు చూపించుకుంది. ఆయన ముక్కులోకి లైటు వేసి చూసి, ఆమె బుగ్గను వేలితో చెవివైపు లాగిపట్టి, "ఇప్పుడు పీల్చమ్మా" అన్నాడు.

ఎన్ని నెలలకో గాలి చల్లగా తలలోకంటా పోయింది. అశ్రితకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఆయన వేలు తీశాడు. మళ్లీ మూసుకుపోయింది.

"ఇది వాపు కాదమ్మా. సన్నగా చేయడానికి పక్కగోడల ఆధారం ఎక్కువ తీసేశారు. చెవి వెనక మెత్తటి ఎముక తీసి లోపల పెడితే ఊపిరి ఆడుతుంది. నిర్లక్ష్యం చేయకు."

"ముక్కు ఇట్లనే ఉంటదా సార్?"

"కొంచెం లావవుతుంది. ఎంతని ముందే చెప్పలేను."

ఆమె సరేనని లేచి వచ్చేసింది. ఆటోలో తూంకుంటకు వస్తూ ఫోన్ తెరలో ముఖం చూసుకుంది. ఇంత కష్టపడి తెచ్చుకున్నది పోగొట్టుకోవాలా? నాయినతో ఏమని చెప్పాలి? గాలి కోసమని కోయించుకున్న ముక్కును మళ్లీ గాలి కోసమని కోయించుకుంటానంటే ఆయన నేరుగా క్లినిక్‌కు పోతాడు. అక్కడ అంతా బయటపడుతుంది. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ఆమె పని. ఊపిరాడకపోవడం కన్నా ఆ బయటపడటమే ఎక్కువ భయమేసింది. బుగ్గకు ప్లాస్టర్ అంటించి చెవివైపు లాగి కట్టుకుంటే రాత్రిపూట కొంత నయమని కనిపెట్టి, దాంతోనే నెట్టుకొచ్చింది.

ఆషాఢం రానే వచ్చింది. అవ్వ మొక్కు మర్చిపోలేదు.

"అమ్మా, నాతోని గాదు. నోరు మూస్కొని నడుస్తే సస్త" అని అశ్రిత వంటింట్లో తల్లి చేయి పట్టుకుంది.

రాధమ్మ ముఖం పాలిపోయింది. నెలల తరబడి కూతురు కూర్చుని నిద్రపోవడం ఆమెకు తెలుసు. తగ్గుతుందిలే అని ఆమె కూడా తనకు తానే చెప్పుకుంటోంది. "ఇప్పుడు కాదంటే మీ నాయిన ఎందుకని అడుగుతడు. ఏం జెప్తం? ఎంత దూరం బిడ్డా, రోడ్డు దాటితే గుడి. రెమ్మనే గద పెట్టేది. ఆకుల ఎనక పెదాలు కొంచెం తెర్సి గాలి దీస్కో. ఎవలు జూస్తరు?"

ఉపాయం బాగానే ఉందనిపించింది. అద్దం ముందు వేపరెమ్మ పెట్టుకుని నేర్చుకుంది కూడా.

ఆదివారం పొద్దున ఇంటిముందు డప్పులు మొదలయ్యాయి. అశ్రితకు పట్టుచీర కట్టి, ముఖానికి పసుపు రాశారు. బోనం నెత్తిన పెట్టి రెండు చేతులతో పట్టుకోమన్నారు. పెదాల మధ్య రెమ్మ పెట్టుకుంది. ఆకుల చాటున గాలి సన్నగా వస్తోంది. ఫరవాలేదు అనుకుంటుండగా సిద్దమ్మ పసుపునీళ్ల చెంబులోంచి ఒక గుడ్డ తీసి పిండింది.

"అందరి లెక్క రెమ్మతోని సరిపెట్టద్దు. ఊపిరికి మొక్కిన మొక్కు. పద్ధతిగ తీరాలె" అంటూ ఆ తడిగుడ్డను మనవరాలి నోటిమీదుగా వేసి, తల వెనక ముడి వేసింది. ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసింది. "పోచమ్మ దయ, ఇప్పుడు ముక్కుతోని మంచిగ పీలుస్తది నా తల్లి."

అశ్రిత తల్లివైపు చూసింది. రాధమ్మ తల దించుకుంది.

డప్పులు కదిలాయి. మొదటి పది అడుగులు నెమ్మదిగా పీల్చుకుంటూ నడిచింది. గట్టిగా లాగకూడదు, లాగితే మూసుకుంటుంది, చిన్నగా, సన్నగా, అని తనకు తానే చెప్పుకుంది. సూది బెజ్జంలోంచి లాగినంత గాలి వస్తోంది. తడిగుడ్డ పెదాలకు అంటుకుపోయింది. బుగ్గను లాగిపట్టుకుందామంటే చేతులు రెండూ కుండమీద ఉన్నాయి. ఒక చేయి తీయబోతే పక్కనే నడుస్తున్న చిన్నమ్మ ప్రణీత, "చెయ్యి ఇడవకు, బోనం కింద వడితే ఇల్లు ఆగమైతది" అని ఆ చేతిని మళ్లీ కుండకే నొక్కింది.

కరీంనగర్ రోడ్డు దగ్గర ఆగాల్సి వచ్చింది. లారీల వరుస తెగడం లేదు. ఎండ, దుమ్ము, పొగ. డప్పులవాళ్లు నిలబడిన చోటే జోరు పెంచారు. నిలబడ్డా, నడిచినా ఆమె గుండెకు గాలి కావాలి, అది చాలడం లేదు. చెవుల్లో హోరు మొదలైంది. గట్టిగా పీల్చకూడదని తెలుసు, కానీ ఒళ్లు మాట వినలేదు. ఒక్కసారి బలంగా లాగింది. ముక్కు రెండువైపులా టక్కున అతుక్కుంది. మళ్లీ లాగింది. ఏమీ రాలేదు.

ఇంత భయం ఆమె పుట్టినప్పటి నుంచి ఎరగదు. చుట్టూ వందమంది ఉన్నారు, అందరూ ఆమెనే చూస్తున్నారు, ఒక్కరికీ ఆమె చచ్చిపోతోందని తెలియడం లేదు. తల అడ్డంగా ఊపింది. గుడ్డ వదులవుతుందేమోనని మెడ విదిలించింది. కళ్లు పైకి తేలాయి. ఒళ్లంతా ఊగిపోయింది.

"అమ్మొచ్చింది!" అని ఎవరో కేక వేశారు. "పోరి మీదికి పోచమ్మొచ్చింది!"

ఇక అడిగేదేముంది. డప్పులు పిచ్చెత్తినట్టు మోగాయి. ఆడవాళ్లు కేకలు పెట్టారు. ప్రణీత కుండ అందుకుంది. తన చేతులు ఖాళీ అయ్యాయి కదా, గుడ్డ పీక్కుందామని అశ్రిత ముఖం దగ్గరకు తెచ్చుకునేలోపు నలుగురు ఆడవాళ్లు రెండుపక్కలా ఆ చేతులను ఒడిసిపట్టారు. పూనకంలో మనిషి తనను తాను రక్కుకుంటుందని వాళ్ల భయం. ఆమె ఎంత గింజుకుంటే అంత గట్టిగా పట్టారు. అమ్మవారు ఇంత ఉగ్రంగా రావడం ఈమధ్య చూడలేదని ఒకావిడ దండం కూడా పెట్టింది. ఎవరో మైసాచి పొగ తెచ్చారు. అమ్మవారికి ఇష్టమని నిప్పులమీద గుగ్గిలం చల్లి ఆ ఘాటు పొగను ఆమె ముఖానికి ఎదురుగా పట్టారు. భాస్కర్ చెప్పులు విడిచి, రోడ్డు పక్క మట్టిలో కూతురి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. చేతులు జోడించాడు.

"తల్లీ, నా ఇంట్ల ఏం తప్పు జరిగింది? ఏం కోపమొచ్చింది? జెప్పు, దిద్దుకుంట."

అశ్రితకు అతని ముఖం నల్లగా మసకబారుతూ కనిపించింది.

జనాన్ని తోసుకుంటూ రాధమ్మ వచ్చింది. ఏడుస్తోంది. కూతురి తల వెనక్కి చేతులు పెట్టి ముడి విప్పలేక పళ్లతో కొరికి గుడ్డ లాగేసింది. అశ్రిత నోరు బార్లా తెరిచింది. గాలితోపాటు పొగ కూడా పోయింది, దగ్గు తన్నుకొచ్చింది, అయినా అది గాలి. గుటకలు మింగినట్టు మింగింది.

రాధమ్మ ఆమె చెవిలో నోరు పెట్టింది. "గట్లనే ఊగు బిడ్డా. జర్రసేపు ఊగు. అమ్మవారే అనుకుంటున్నరు. ఎవలకు తెల్వది."

నిజమే. ఇంకాస్త ఊగితే చాలు. నిమ్మకాయ కోసి దిష్టి తీస్తారు, వేపాకులు వేసిన పసుపునీళ్లు సాకపోసి శాంతింపజేస్తారు, ఇంటికి తీసుకుపోతారు. ముక్కు ఉంటుంది, అబద్ధం దాగుతుంది. అమ్మ పూనిన పిల్ల అని వచ్చే ఏడాది ఇదే గుడ్డ మళ్లీ కడతారు. అంతదాకా ఎందుకు, ఈ రాత్రి మళ్లీ గోడకు ఆనుకుని కూర్చోవాలి. పొగ మళ్లీ ముఖం దగ్గరకు వచ్చింది.

"నాయినా" అంది అశ్రిత. "పొగ దీయుమను నాయినా. నేను పోచమ్మను గాదు, అశ్రితను. నాకు ఊపిరాడ్తలేదు."

అమ్మ పరీక్ష పెడుతోందని ఎవరో అన్నారు. పొగ పట్టినావిడ ఇంకో పిడికెడు గుగ్గిలం చల్లబోయింది. భాస్కర్ లేచి ఆ పొగగిన్నెను చేత్తో కొట్టేశాడు. నిప్పులు రోడ్డుమీద చెదిరాయి. డప్పులు ఒకటొకటిగా ఆగిపోయాయి.

"ఊపిరాడకపోవుడేంది? దానికే గద ఆపరేషన్ జేపిచ్చింది?" అన్నాడు.

ఈ ప్రశ్న కోసమే ఆమె ఇన్నాళ్లూ భయపడింది.

"దానికి గాదు. ముక్కు మంచిగ కనవడాలని కోపిచ్చుకున్న. నువ్వొప్పుకోవని అమ్మా నేనూ అబద్ధం జెప్పినం. అప్పుడు నాకు ఊపిరి మంచిగనే ఉండె నాయినా. ఇప్పుడే పోయింది. నెలల సంది కూసొనే పండుకుంటున్న."

భాస్కర్ అరుస్తాడని అందరూ చూశారు. రాధమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అతను అరవలేదు. కూతురి ముక్కు దగ్గర అరచేయి పెట్టి ఊపిరి వస్తోందా అని చూశాడు. తండ్రి భయపడగా అశ్రిత అంతకుముందెప్పుడూ చూడలేదు.

సిద్దమ్మ మాత్రం ఊరుకోలేదు. "నాతోని అమ్మకు అబద్ధం మొక్కిచ్చిన్రా? నా నోటితోని?" అని కోడలిని పట్టుకుని అడిగింది. దేవుడితో అబద్ధమాడిన మనిషిగా చచ్చిపోతానని దిగులు పడింది. ప్రణీత చేతిలోని బోనం లాక్కుని, తన నెత్తిమీదే పెట్టుకుంది. "నేను తప్పు గడ్తనని మొక్కుకుంట. దాన్ని దవాఖానకు తీస్కపోండ్రి" అంటూ లారీలకు చేయి అడ్డం పెట్టి రోడ్డు దాటడం మొదలుపెట్టింది. డప్పులవాళ్లు ఏంచేయాలో తోచక ఆమె వెనకే వెళ్లారు.

భాస్కర్ కూతురిని రోడ్డు పక్క కారులో కూర్చోబెట్టి తలుపులన్నీ తెరిచాడు. "ఏ డాక్టర్‌కన్న సూపిచ్చుకున్నవా?"

మేడ్చల్ డాక్టర్ సంగతి చెప్పింది. నంబరిచ్చింది. భాస్కర్ రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి సరిగ్గా నొక్కి, ఫోన్‌లో గొంతు బయటికి వినపడేలా పెట్టాడు. జనార్ధన్ అంతా విని రేపు పొద్దున్నే తీసుకురమ్మన్నాడు. "ఆపరేషన్ చెయ్యాల్సిందే. కానీ ముందే చెప్తున్నా, ముక్కు ఇప్పుడున్నట్టు ఉండదు. అమ్మాయికి అదే బెంగ. పోయినసారి అందుకే లేచి వెళ్లిపోయింది" అన్నాడు.

"రూపం ఎట్లన్న గానియ్యిండ్రి సారూ, నా బిడ్డకు ఊపిరాడాలె" అన్నాడు భాస్కర్.

ఆ మాటకు అశ్రిత తలెత్తింది. కారు అద్దంలో పసుపు పూసిన ముఖం కనిపిస్తోంది. ఇంత జరిగినా ఆ ముక్కు అందంగానే ఉంది. అది ఆమెకు ఇష్టం. తనను అడగకుండానే నాయిన దాన్ని ఇచ్చేస్తున్నాడు. "వద్దు, ఎట్లన్న గానియ్యమని అనకు నాయినా" అని చెప్పడానికి నోరు తెరిచింది. మాటకన్నా ముందు గాలి లోపలికి పోయింది. ఆ గాలి నిండా పోయేదాకా ఆగింది. ఆగాక, వద్దు అనలేదు.